గుమ్మం దగ్గర ఇరవై నిమిషాలు

నైట్‌డ్యూటీ అత్తకు ఉన్నది ఒక్కటే పిచ్చి. ఎక్కడికి వెళ్లినా సరే, అక్కడ తలుపు దగ్గర నిలబడ్డ మనిషితో చుట్టరికం కలిపితే తప్ప లోపలికి అడుగు పెట్టదు. అది బ్యాంకు కావచ్చు, బట్టల షాపు కావచ్చు, పెళ్లి జరిగే హాలు కావచ్చు. లోపల పెళ్లి అయిపోయి, ఫోటోలు అయిపోయి, భోజనాలు సగంలో ఉన్నా, అత్త మాత్రం గేటు దగ్గరే ఉంటుంది. వాచ్‌మన్‌కి మోకాలి నొప్పి మెట్లెక్కేటప్పుడా దిగేటప్పుడా అన్నది అప్పటికింకా తేలి ఉండదు.

ఈ పరిచయానికి ఎంత లేదన్నా ఇరవై నిమిషాలు పడుతుందని ఇంట్లోవాళ్లు గడియారం పెట్టి మరీ తేల్చారు. అందుకని ఆరున్నరకు చేరాల్సిన చోటికి అత్తకు ఆరుంపావు అనో, ఆరు అనో అబద్ధం చెప్పేవారు. ఆ అబద్ధం సంగతి అత్తకు తెలుసు. తెలిసే, చెప్పిన టైముకు ఠంచనుగా వచ్చి, మిగిలిన టైమంతా గేటు దగ్గరే వాడుకునేది.

ఆవిడ ముప్పయ్యొక్క ఏళ్లు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసింది. అందులో ఇరవయ్యారేళ్లు రాత్రి డ్యూటీయే. పగటి డ్యూటీ ఇస్తామన్నా వద్దనేది. పగలు డాక్టర్లు పనికి అడ్డం వస్తారని ఆవిడ ఫిర్యాదు. అత్త అనాల్సినవాళ్లూ, పిన్ని అనాల్సినవాళ్లూ, ఆఖరికి సొంత అన్నగారూ ఆవిణ్ని నైట్‌డ్యూటీ అనే పిలిచేవారు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, పగలంతా నిద్రపోయే పెళ్లికొడుకు దొరకలేదని చెప్పి నోరు మూయించేది.

రిటైరయ్యాక ఒక చిక్కు వచ్చిపడింది. ఉద్యోగం ఆవిణ్ని వదిలింది గాని నిద్ర మాత్రం పాత టైమునే పట్టుకుని వేలాడింది. పొద్దు పొడిచాక పడుకుంటే మధ్యాహ్నం దాటేదాకా ఒళ్లు తెలియదు. రాత్రి ఎనిమిదయ్యేసరికి కడిగిన ముత్యంలా తయారై, ఇల్లంతా ఆవలిస్తుంటే తనొక్కతే ఏదో ఒక పని కోసం వెతుక్కునేది. ఒకసారి అర్ధరాత్రి వంటింట్లో డబ్బాలన్నిటికీ మందుల సీసాలకు మల్లే చీటీలు అంటించింది. పొద్దున కాఫీలో పంచదార వేసుకునే ముందు అందరూ చీటీ మీద తారీఖు చూసుకోవాల్సి వచ్చింది.

ఇక గువ్వ సంగతి. గువ్వ అన్నగారి కూతురు, ఇరవయ్యయిదేళ్లది. గువ్వ అన్నది ఇంట్లో పిలిచే ముద్దుపేరు. కళ్లజోళ్ల అద్దాలు తయారుచేసే కంపెనీలో పని. కొత్త యంత్రం మీద శిక్షణకని కంపెనీ ఆమెను ఆరు రోజులు పరాయి దేశంలోని ఒక మహానగరానికి పంపింది. ఆ ఊరు రాత్రిపూట నిద్రపోదని గువ్వ నాన్న ఎక్కడో చదివాడు. అది చదివినప్పటినుంచీ ఆయన కూడా నిద్రపోలేదు. కూతురు చీకటిపడ్డాక బయట అడుగు పెట్టకుండా చూసుకోవడానికి ఎవరైనా పెద్దదిక్కు ఉండాలని, అన్ని విధాలా ఆలోచించి, చెల్లెల్ని తోడు పంపాడు. ఆ కుటుంబం మొత్తంలో రాత్రిపూట గదిలో ఉండలేని మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన ఏరి ఏరి ఆవిణ్నే ఎంచుకున్నాడు.

హోటల్ గుమ్మం దగ్గరే మొదటి ఆలస్యం జరిగింది. బంగారు రంగు గుండీల కోటు తొడుక్కున్న ద్వారపాలకుడు తలుపు తీసి పట్టుకుని, వంగి నమస్కారం చేశాడు. అత్త లోపలికి పోకుండా ఆయన బూట్ల వంక చూసింది. ఆవిడకు ఆ ఊరి భాష రాదు, ఆయనకు ఆవిడ భాష రాదు. కానీ అత్త దగ్గర ఆసుపత్రి ఇంగ్లీషు ఉంది. నొప్పి ఉందా, ఎక్కడ ఉంది, ఎన్నాళ్లనుంచి, తిన్నావా, నిద్ర పడుతోందా. ఈ అయిదు ప్రశ్నలతో ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడొచ్చని ఆవిడ నమ్మకం. గువ్వ చేతిలో రెండు పెట్టెలతో నిలబడి ఉండగానే, ఆయనకు సాయంత్రమయ్యేసరికి పిక్కలు లాగుతాయని, ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలని, బూటు ఒక సైజు చిన్నదని బయటపడింది. అత్త అక్కడే, పాలరాతి మెట్ల మీద నిలబడి, మడమలు పైకెత్తి దించడం చేసి చూపించింది. పావుగంటకోసారి పదిసార్లు చేస్తే కాళ్లలో రక్తం కిందికి దిగిపోయి కూర్చోదని చెప్పింది. సాయంత్రం గువ్వ కిటికీలోంచి చూస్తే, బంగారు గుండీలాయన తలుపు పక్కన గంభీరంగా నిలబడి, లిఫ్టులా మెల్లగా పైకి లేస్తూ దిగుతూ ఉన్నాడు.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు గువ్వ, నాన్న మాట గుర్తొచ్చి, రాత్రి బట్టలు మార్చుకోబోయింది. అత్త అప్పటికే తెల్ల కాన్వాసు బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"ఎక్కడికత్తా?"

"అది నువ్వు చెప్పాలి. ఇరవయ్యారేళ్లు మూడో అంతస్తు కిటికీలోంచి రాత్రిని చూశాను. దూరంగా లైట్లు, పాటలు. లోపల ఏముంటుందో ఒక్కసారి చూడాలి."

"నాన్న వద్దన్నాడుగా."

"నువ్వు ఒంటరిగా తిరక్కూడదన్నాడు. నన్నేమీ అనలేదు. నేను ఒంటరిగా తిరక్కుండా నువ్వు రా."

మొదటి రాత్రి వాళ్లు వెళ్లింది ఒక పెద్ద భవనం మేడ మీద ఉన్న పాటల చోటికి. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని గువ్వ చూడగానే మనసులో పర్వతం అని పేరు పెట్టుకుంది. మెడ ఎక్కడ ముగిసి భుజాలు ఎక్కడ మొదలయ్యాయో తెలియని మనిషి. మొదటి అయిదు నిమిషాలు పర్వతం అత్త తల మీదుగా దూరంగా చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత కొంచెం వంగాడు. ఆ తర్వాత ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు. వెనక వరుసలో నిలబడ్డ పాతికమంది విసుక్కుంటుంటే, గువ్వ తనకూ ఆ ముసలావిడకూ ఏ సంబంధం లేనట్టు ఆకాశంలోకి చూసింది. ఇంతలో అత్త వెనక్కి తిరిగి, "గువ్వా, ఫోన్లో లైటు వెయ్యి, వాపు సరిగ్గా కనపడ్డం లేదు," అంది.

లోపలికి వెళ్లాక మాత్రం అత్త ఇంకో మనిషి. బయటికి పోయే మెట్లు కనపడే బల్ల చూసుకుని కూర్చుంది. నిమ్మసోడా తెప్పించుకుని, తాగనప్పుడు గ్లాసు మీద అరచెయ్యి మూతలా పెట్టుకుంది. గువ్వ నవ్వితే, మూత లేని గ్లాసులో ఉన్నది మందు కాదని, అనుమానమని, వార్డులో మొదటి రోజు నేర్పే పాఠం అదేనని చెప్పింది. పాట జోరందుకున్నాక సోడా మొత్తం ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ గ్లాసు బోర్లించి, ఆడడానికి లేచింది. ఇద్దరు నర్సులు కలిసి మంచం మీద దుప్పటి పరిచేటప్పుడు చేతులకు ఒక ఊపు ఉంటుంది. అత్తకు తెలిసిన ఆట అదొక్కటే. దులపడం, పరచడం, మూలలు దోపడం. మూడో పాటకల్లా చుట్టూ ఉన్న కుర్రకారంతా దుప్పట్లు పరుస్తున్నారు.

దిగి వస్తుంటే రోడ్డు పక్కన ఒకడు నవ్వుతూ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. చాలా మర్యాదగా పిలిచాడు. అత్త అతని వంక చూడకుండా మెట్ల మీదున్న పర్వతం వంక చూసింది. పర్వతం తల అడ్డంగా ఒక్క వేలెడు కదిలింది, అంతే. అత్త ఆ కారు దాటుకుని, హోటల్‌కు ఫోన్ చేసి, వాళ్లు పంపిన బండిలోనే గువ్వను వెనక్కి తీసుకొచ్చింది. ఆ కారువాడు ఊరికి కొత్తవాళ్లను ఎక్కించుకుని, వాళ్లు వెళ్లాలన్న చోటికి కాకుండా తనకు నచ్చిన చోటికి తీసుకుపోతాడని మర్నాడు పర్వతం చెప్పాడు.

రెండో రాత్రి నేలమాళిగలో ఉన్న ఒక సంగీతం గది. అక్కడ తలుపు దగ్గర సంచులు తీసుకుని టోకెన్లిచ్చే ఆవిడ ఉంది. ఆవిడకు నడుం నొప్పి. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. పాట మధ్యలో కరెంటు పోయి గదంతా చీకటి గుయ్యారం అయిపోయింది. ఎవరో అరిచారు, ఎవరో బల్ల తన్నుకున్నారు. ఆ చీకట్లో ఒక టార్చిలైటు ఎటూ తడుముకోకుండా తిన్నగా అత్త బల్ల దగ్గరకే వచ్చింది. టోకెన్లావిడ. వంటగది పక్కనుంచి వెనక మెట్ల దారి చూపించింది. అత్త తనొక్కతే పోలేదు. చుట్టూ ఉన్న నాలుగు బల్లలవాళ్లను ఒకరి చెయ్యి ఒకరిచేత పట్టించి, వార్డు ఖాళీ చేయించినట్టు వరసలో నడిపించుకుని పైకి తెచ్చి, లెక్క సరిపోయాక గాని ఊపిరి పీల్చుకోలేదు.

ఇదంతా చూశాక గువ్వకు అత్త మీద గౌరవం పెరగాలి. పెరిగింది కూడా. కానీ ఇరవయ్యయిదేళ్ల మనిషికి గౌరవంతో పాటు సిగ్గు కూడా ఉంటుంది. మూడో రాత్రి ఆమెకు ప్రాణమైన పాట లోపల మొదలైంది. తలుపు బయట అత్త ఒక కొత్త ద్వారపాలకుడి మడమల పగుళ్లు చూస్తోంది. పాట అయిపోయింది. పగుళ్లు కాలేదు. గువ్వకు ఒళ్లు మండింది.

"మనం చూడ్డానికొచ్చింది ఊరినా, వాచ్‌మన్లనా అత్తా?"

అత్త నొచ్చుకోలేదు. "ఊరిని పగలు మనం చూస్తాం. రాత్రి ఊరే మనల్ని చూస్తుంది. ఆ చూసే కళ్లు ఎవరివో తెలుసుకుంటే మంచిది కదే," అంది. అని మళ్లీ మడమల దగ్గరకు వంగింది.

నాలుగో రోజు శిక్షణలో పరిచయమైన ముగ్గురు, ఇద్దరు ఆడపిల్లలూ ఒక కుర్రాడూ, ఆ రాత్రి డ్యాన్సు చోటికి పోదామని గువ్వను పిలిచారు. ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి, ఎవరి మోకాలూ చూడకుండా తలుపు దాటాలని గువ్వకు కోరిక పుట్టింది. గదికొచ్చి, ఆఫీసువాళ్ల విందు ఉందని, అది శిక్షణకొచ్చినవాళ్లకు మాత్రమేనని అత్తతో చెప్పింది. చెబుతూ జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

ఎక్కడని అత్త అడగలేదు. ఎవరితోనని అడగలేదు. ఎన్నింటికొస్తావని కూడా అడగలేదు. తనకు బాగా నిద్రొస్తోందని, తొందరగా పడుకుంటానని మాత్రం అంది. ఇరవయ్యారేళ్లుగా రాత్రి కన్ను మూయని మనిషి అలా అంటే నమ్మకూడదు. గువ్వకు నమ్మడమే కావాల్సి ఉండి నమ్మేసింది.

ఆ చోటు పొడుగాటి వీధిలో, వరసగా ఇరవై గుమ్మాలకు ఇరవై రంగుల లైట్లు వెలిగే వీధిలో, చివరాఖరున ఉంది. తలుపు దగ్గర ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక దిట్టమైన ఆడమనిషి నిలబడి ఉంది. గువ్వ ఆవిడ వంక చూడనైనా చూడకుండా లోపలికి నడిచింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఎంత హాయిగా ఉందో ఆ నిమిషం.

గంటన్నర బాగానే గడిచింది. లేత నీలం చొక్కా ఒకతను వాళ్ల బల్ల దగ్గరకొచ్చి కలిశాడు. నవ్వు బాగుంది, మాట బాగుంది, అందరికీ తాగడానికి తెప్పించాడు. శిక్షణవాళ్లలో ఒక అమ్మాయికి తలనొప్పి వచ్చి, మిగతా ఇద్దరూ ఆమెను బండి ఎక్కించడానికి లేచారు. గువ్వ చేతులు కడుక్కోవడానికి వెళ్లి ఉంది. వాళ్లు ఆమె కోసం చూసి, ఫోన్ చేసి, ఆ మోతలో ఆమెకు వినపడక, వెళ్లిపోయామని సందేశం పెట్టి వెళ్లారు. ఆ సందేశం వచ్చేలోపలే గువ్వ ఫోన్ చచ్చిపోయింది. ఆమె తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర నీలం చొక్కా ఒక్కడే ఉన్నాడు. ఆమె గ్లాసు తను పెట్టిన చోట లేదు. ఒక జానెడు పక్కన ఉంది. నిండుగా ఉంది.

తాగమన్నాడతను. గువ్వ గ్లాసు వంక చూసింది. తాగాలనిపించలేదు. వద్దంది. అతను మళ్లీ తాగమన్నాడు. ఈసారి నవ్వులో ఏదో తొందర ఉంది. ఇక్కడికంటే మంచి చోటు ఒకటుందని, తన కారు బయటే ఉందని అన్నాడు. గువ్వ తను గదికి పోవాలని చెప్పి లేచింది. అతనూ లేచాడు. దింపుతానన్నాడు. ఆమె నడుస్తుంటే వెనకే, మోచేతికి తగిలీ తగలనంత దగ్గరగా, వచ్చాడు. చేతిలో చచ్చిన ఫోన్, తెలియని వీధి, పక్కన వదలని మనిషి. గువ్వ నడక పెంచింది.

తలుపు దాటగానే ఎర్ర టోపీ ఆవిడ ఒక అడుగు ముందుకేసి, ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది. గువ్వ ముఖంలోకి చూసింది. గువ్వ భయానికి జుట్టు చెవి వెనక్కి తోసుకుంది. ఆవిడ ముఖం విచ్చుకుంది.

"గూవా?" అంది ఆవిడ.

ఈ లోకంలో ఆ ముద్దుపేరు తెలిసినవాళ్లు ఇంట్లో ఆరుగురే. పలకడం సరిగ్గా రాకపోయినా అది తన పేరే. గువ్వ నోరు తెరుచుకుని తలూపింది.

ఆవిడ నీలం చొక్కా వైపు తిరిగి చాలా మామూలుగా ఒకటే అడిగింది. ఈ అమ్మాయి పేరేమిటి? అతను నవ్వాడు. ఫ్రెండ్ అన్నాడు. ఫ్రెండే, పేరేమిటి? అతను ఇంకోసారి నవ్వాడు గాని ఆ నవ్వు సగంలో ఆగింది. ఆవిడ లోపలి మనిషికి చెయ్యి ఊపింది. ఆ మనిషి వచ్చి నీలం చొక్కాను భుజం మీద చెయ్యేసి, ఎంతో స్నేహంగా, అతనికి ఇష్టం లేని వైపుకు తీసుకుపోయాడు.

అప్పుడు ఎర్ర టోపీ ఆవిడ గువ్వను తన స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసి కూర్చోబెట్టింది. అక్కడ అప్పటికే ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆకుపచ్చ సంచి ఒళ్లో పెట్టుకుని, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది. ఎక్కడినుంచో ఆ ఊరు చూడ్డానికొచ్చి, వీధిలో జనం మధ్య స్నేహితులనుంచి తప్పిపోయిందట. ఎర్ర టోపీ ఆవిడ మూత తియ్యని నీళ్ల సీసాలు ఇద్దరికీ ఇచ్చి, ముందు గువ్వనే అడిగింది.

"ఇంకా ఆడాలని ఉందా, ఇంటికి పోవాలని ఉందా?"

గువ్వ ఆ ప్రశ్నకు తయారుగా లేదు. తిట్లు వస్తాయనుకుంది. ఇంటికి అంది. అని, తన పేరు ఆవిడకెలా తెలుసని అడిగింది. ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో, చేతులతో, కళ్లతో చెప్పుకొచ్చింది. మూడు రోజులుగా సాయంత్రం అయిదింటికి, ద్వారపాలకులంతా డ్యూటీ ఎక్కే వేళకు, తెల్ల బూట్లావిడ ఒకావిడ ఈ వీధిలోకి వస్తోంది. ఆ చివరనుంచి ఈ చివరిదాకా గుమ్మం గుమ్మం ఎక్కింది. ఫోన్లో ఫోటో చూపించింది. పిల్ల కంగారు పడితే జుట్టు చెవి వెనక్కి తోసుకుంటుందని చేసి చూపించింది. గువ్వ అద్దాల యంత్రం దగ్గర కూర్చున్న ఆ వేళల్లో, అత్త గదిలో గురకపెడుతోందని అనుకున్న ఆ వేళల్లో, జరిగిన సంగతి ఇది.

గువ్వకు ముందు కోపం వచ్చింది. "నన్ను లోపలికి పోనివ్వద్దని చెప్పిందా?"

ఎర్ర టోపీ ఆవిడ తల గట్టిగా అడ్డంగా ఊపింది. "పోనివ్వమంది. ఎక్కడికెళ్లావో, ఎవరితో ఉన్నావో తనకు చెప్పద్దంది. బయటికొచ్చినప్పుడు మాత్రం, ఎవరేమి చెప్పినా వినకుండా, ముందు నిన్నే అడగమంది."

ఆకుపచ్చ సంచి అమ్మాయి సంగతేమిటని గువ్వ అడిగింది. ఆవిడ నవ్వింది. ఫోటో చూపించిన రోజే ఆవిడ అత్తను అడిగిందట, ఈ ఒక్క పిల్లనేనా చూసుకోవాల్సింది అని. ఇలాంటి పిల్లలు రోజూ వస్తారని, వాళ్ల అత్తలందరూ ఇంత దూరం రాలేరు కదా అని అత్త అందట. ఆ రాత్రినుంచే ఈ వీధి ద్వారపాలకులు ఇరవైమందీ, పక్క సందుల్లో అత్తకు తెలిసినవాళ్లూ కలిసి ఫోన్లలో ఒక గుంపు కట్టారు. ఒంటరిగా నడిచే పిల్ల ఏ గుమ్మం దగ్గర కంగారుగా కనపడినా, పక్క గుమ్మానికి కబురు పోతుంది.

అలా ఆ ఇద్దరు పిల్లలూ చేతినుంచి చేతికి మారారు. ఎర్ర టోపీ ఆవిడ పక్క గుమ్మం దాకా వచ్చింది. అక్కడికి, కబురందుకుని పక్క సందునుంచి మడమల పగుళ్లాయన వచ్చాడు. ఆయన దగ్గరనుంచి టోకెన్లావిడ. సందు మలుపులో పర్వతం నిలబడి ఉన్నాడు. తనకు డ్యూటీ ఉన్నా పది నిమిషాలు ఎవరినో నిలబెట్టి వచ్చాడు. ప్రతివాళ్లూ అదే ప్రశ్న వేశారు, ఇంకా ఆడాలని ఉందా, ఇంటికి పోవాలని ఉందా అని. మూడోసారి అడిగేసరికి ఆకుపచ్చ సంచి అమ్మాయికి నవ్వొచ్చింది. అయిదోసారికి గువ్వకు కూడా భయం పోయి, ఇంతమంది అడుగుతుంటే నిజంగానే ఆడాలని ఉందేమోనని అనుమానం వచ్చింది.

హోటల్ మెట్ల మీద బంగారు గుండీలాయన వాళ్లను లోపలికి తీసుకుని, ఆకుపచ్చ సంచి అమ్మాయి ఫోను ఛార్జింగ్‌కు పెట్టించి, ఆమె స్నేహితులు బస చేసిన చోటికి కబురు చేయించాడు. వాళ్లు వచ్చి తీసుకెళ్లడానికి గంటన్నర పడుతుందన్నారు. గువ్వ ఆ అమ్మాయిని కింద కూర్చోబెట్టి పైకి వెళ్లింది.

గదిలో లైటు ఆర్పి ఉంది. అత్త దుప్పటి మెడదాకా కప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. నిద్రపోయేవాళ్లు అంత గట్టిగా మూయరు.

"అత్తా, నిద్రపోతున్నావా?"

"ఇరవయ్యారేళ్లుగా అదే ప్రయత్నం."

గువ్వ మంచం అంచున కూర్చుని, తను చెప్పిన అబద్ధం గురించి, నీలం చొక్కా గురించి, జానెడు పక్కకు జరిగిన గ్లాసు గురించి అంతా చెప్పింది. అత్త ఆఖర్న ఒక్కటే అడిగింది, తాగావా అని. లేదంది గువ్వ. అత్త దుప్పటి లోపల ఏదో బిగుసుకుని ఉన్నది సడలినట్టు కనిపించింది.

"ఎక్కడికెళ్తున్నానో నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పేదానివి. ఒకటి చాలనుకున్నాను." మళ్లీ తనే అంది, "రాత్రి దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తెచ్చేదెవరనుకున్నావు? చుట్టాలా? చుట్టాలు తెల్లారాక వస్తారు. ముందు భుజాన వేసుకుని తెచ్చేది ఏదో ఒక గేటు దగ్గర నిలబడ్డవాడే. తెచ్చి, మంచం మీద పడుకోబెట్టి, మళ్లీ డ్యూటీకి పరిగెత్తిపోతాడు. కూర్చోమని ఎవరూ అనరు. నేనూ మొదట్లో అనలేదు. రోగిని చేర్చుకునేటప్పుడు కాగితం నిండా వివరాలు రాసుకునేదాన్ని గాని, తెచ్చినవాడి పేరు ఏ రోజూ రాయలేదు. ఇప్పుడు అడుగుతున్నాను, అంతే."

ఇన్నేళ్లూ ఇంట్లోవాళ్లు గడియారం పెట్టి లెక్కగట్టిన ఇరవై నిమిషాలు గువ్వకు చాలా తక్కువనిపించాయి.

"అన్నయ్యకు చెప్తావా?" అంది అత్త.

"చెప్పనా?"

"నీ ఇష్టం. చెప్తే మాత్రం మొత్తం చెప్పు. సగం చెబితే ఆయనకు మళ్లీ నిద్ర పట్టదు." అని, కొంచెం మొహమాటంగా గొంతు తగ్గించి అడిగింది, "ఆ చోట ఆడ్డానికి నేల బాగుందా?"

"నున్నగా, అద్దంలా ఉందత్తా."

"ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది?"

అత్త దుప్పటి తీసింది. కాళ్లకు బూట్లున్నాయి. లేసులు కూడా కట్టే ఉన్నాయి.

వాళ్లు కిందికి దిగి ఆకుపచ్చ సంచి అమ్మాయిని కూడా లేవదీశారు. ఆమె స్నేహితులకు ఫలానా చోటికి రమ్మని బంగారు గుండీలాయన చేత చెప్పించారు. ఈసారి వీధి దాటడానికి ముప్పావుగంట పట్టింది. దారిలో ఉన్న పందొమ్మిది గుమ్మాల దగ్గరా అత్త ఆగి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, పిల్ల చేరిందని తనే చెప్పింది. గువ్వ ఒక్కసారి కూడా ఆకాశంలోకి చూడలేదు. నీలం చొక్కా ఎప్పుడో వెళ్లిపోయాడు. వాడి ముఖం ఇప్పుడు ఆ వీధిలో అందరు ద్వారపాలకుల ఫోన్లలోనూ ఉంది. ఎర్ర టోపీ ఆవిడ తన డ్యూటీ అయిపోవడంతో టోపీ తీసి చంకన పెట్టుకుని తనూ లోపలికి వచ్చింది. పదకొండేళ్లుగా ఆ తలుపు దగ్గర నిలబడుతున్నా, ఆడడానికి లోపలికి రావడం ఇదే మొదటిసారి అట.

పాటల మధ్యలో ఆకుపచ్చ సంచి అమ్మాయికి వాళ్ల అమ్మ దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. స్నేహితుల ద్వారా సంగతి తెలిసి ఆవిడ హడలిపోయి ఉంది. అమ్మాయి ఒక చెవి మూసుకుని, భయం లేదని, ఒంటరిగా లేనని, అత్త దగ్గర ఉన్నానని గట్టిగా చెప్పింది. నీకు అక్కడ అత్త ఎక్కడినుంచి వచ్చిందే, ఎవరి అత్త అని ఆ తల్లి అరుస్తోంది.

అమ్మాయి నేల మధ్యలో ఎర్ర టోపీ ఆవిడతో కలిసి దుప్పటి దులుపుతున్న ముసలావిడ వంక చూసింది. ఆవిడ పేరు కూడా ఇంకా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"నాకూ సరిగ్గా తెలీదమ్మా," అంది. "ఈ వీధికంతా అత్తే అనుకుంటా."